బిచ్యా కుడి చెయ్యి

పినపాక అడవి దారిలో, వాగు ఒడ్డున ఉన్న పంపుహౌస్‌కు మంచి పేరు లేదు. కార్మికుల కాలనీకి నీళ్లొచ్చేది అక్కడి నుంచే. పగలు ఎవరికీ ఏ బాధా లేదు. రాత్రయితే మాత్రం అక్కడ బిచ్యా తన చెయ్యి వెతుక్కుంటాడని అంటారు.

వెనకటికి బిచ్యా అక్కడే పనిచేసేవాడట. మోటారు బెల్టు అతని కుడి చేతిని భుజం దాకా లాగేసింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. చెయ్యి వాగులో కొట్టుకుపోయిందో, ఏ కుక్క నోట కరుచుకుపోయిందో... ఎంత వెతికినా దొరకలేదు. చెయ్యి లేకుండానే మట్టి చేశారు. అప్పట్నుంచీ రాత్రి డ్యూటీలో ఎవరికి కన్నంటుకున్నా, చెవి దగ్గరికొచ్చి అడుగుతాడు — “నా చెయ్యేది?”

అందుకే పంపు ఆపరేటర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. కునుకొస్తే కుడి చేతిని జబ్బ దగ్గర ఇనుప నీళ్ల పైపుకు మెలేసి, తువ్వాలతో బిగించి కట్టుకుంటారు. బిచ్యా గుంజినా ఊడిరాదని ధైర్యం. దెయ్యమేంది, గియ్యమేంది అని పొద్దంతా నవ్వే మొనగాళ్లు కూడా డ్యూటీకి తువ్వాల మర్చిపోరు.

ఒక శనివారం రాత్రి పంపు ఆపరేటర్ ముత్యాలు డ్యూటీకి వెళ్లాక అతని కూతురు అరుణశ్రీ ఖమ్మం నుంచి వచ్చింది. డాక్టరు చదువు, మొదటి ఏడు. రెండు సంచులతో బస్సు దిగింది. ఒకదాన్ని తల్లి కంటబడకుండా మంచం కిందికి తోసి పడుకుంది.

తెల్లారి తోటి ఆపరేటర్ గోపాలు తన బండి మీద ముత్యాలును తెచ్చి దింపాడు. ముత్యాలు కుడి చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయి, వాడిన ఆకులా వేలాడుతోంది.

“లేపితే లేస్తలేదు బిడ్డా...”

“ఏమైంది నాయినా?”

ముత్యాలు తల తిప్పుకున్నాడు. గోపాలే గొంతు తగ్గించి చెప్పాడు. “రాత్రి కరెంటు పోయి మోటారు ఆగింది. నేను బయట వాల్వు కాడ ఉన్న. లోపల అన్న ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది. పోయి చూస్తే... చెయ్యి పైపుకు కట్టుకొని ఒక్కడే ఉన్నడు. ఒళ్లంతా చెమట.”

“తీస్కపోయిండు. వాడే తీస్కపోయిండు,” అంటూ తల్లి గురవమ్మ గడపలోనే కూలబడింది.

వాల్వు చక్రం తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. ఆ చెయ్యి లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే పిల్ల చదువు లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

అరుణశ్రీకీ భయంగానే ఉంది. అయినా తండ్రి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

“మోచెయ్యి చాపు.” చాపాడు. “మణికట్టు లేపు.” లేవలేదు. వేళ్లు ముడుస్తున్నాడు, తెరవలేకపోతున్నాడు. బొటనవేలి మొదట్లో, చెయ్యి వెనక వైపు గిల్లింది. తెలియలేదు. చిటికెన వేలు గిల్లితే మాత్రం అబ్బా అన్నాడు.

అరుణశ్రీకి ప్రాణం లేచొచ్చింది. లోపలికి పరుగెత్తి, మంచం కింది సంచిలోంచి ఒక పొడుగాటి ఎముక తెచ్చింది. గురవమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“భయపడకమ్మా, చదువుకోవడానికి తెచ్చిన. నాయినా, ఇది భుజానికీ మోచేతికీ నడుమ ఉండే ఎముక. వెనక ఏటవాలుగా గాడి ఉంది, చూడు. రేడియల్ నరం దీన్ని చుట్టుకొని దిగుతది. మణికట్టు లేపే కండలకూ, వేళ్లు చాపే కండలకూ కరెంటు తీగ అదే. రాత్రంతా పైపుకు బిగించి కట్టినవ్. పైపుకూ ఎముకకూ నడుమ నరం నలిగింది, అంతే. దవాఖానాల చూపిద్దాం. కొన్ని వారాలకు మళ్ల లేస్తది.”

“అయితే బిచ్యా...” అన్నాడు గోపాలు.

“బిచ్యా లేడు, గిచ్యా లేడు. మీ తువ్వాలే దెయ్యం.”

గోపాలు గట్టిగా నవ్వేశాడు. గురవమ్మ కళ్లు తుడుచుకుంది. ముత్యాలు మాత్రం నవ్వలేదు. ఎముకనే చూస్తున్నాడు.

“అది ప్లాస్టిక్‌దా బిడ్డా?”

“కాదు, నిజందే. సీనియర్ దగ్గర కిరాయికి తెచ్చిన.”

“ఎవరిది?”

“ఎవరికి తెలుసు... మాక్కూడా చెప్పరు.”

“ఏ చెయ్యి?”

“కుడి,” అంది ఆలోచించకుండా.

ముత్యాలు గుసగుసగా అన్నాడు. “అందర్నీ నా చెయ్యేదని అడుగుతడు గదా... నన్ను అట్ల అడగలే.”

“మరేమన్నడు?” అడిగాడు గోపాలు.

“మీ ఇంట్లనే ఉన్నది, తెచ్చియ్యి అన్నడు.”

మంచం కింది సంచిలో ఏముందో రాత్రి అరుణశ్రీకి తప్ప ఇంకో మనిషికి తెలియదు.

ముత్యాలు వేలాడే చేతిని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

“అది ఇచ్చేస్తే... నాది లేస్తదా బిడ్డా?”

ఎముక ఇంకా అరుణశ్రీ చేతిలోనే ఉంది. కింద పెడితే ఎవరందుకుంటారోనని ఆమెకు భయమేసింది.