ఉన్నావేటిరా, సెవిటోడా?

"అరకు కాఫీ ఉందా?"

"పొడి అయిపోయింది. వాసన మిగిలింది."

కోడ్ సరిపోయింది. కొత్తవలస జంక్షన్ ప్లాట్‌ఫారం మీద, టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలాయన కొంచెం జరిగాడు. భాస్కర్ బెంచీ చివర కూర్చున్నాడు. చూసేవాళ్ళకి ఆ ముసలాయన రైల్లో టీ అమ్ముకునే మనిషి. అసలు పేరు నరసింగరావు. కోస్తా జిల్లాల ఇంటెలిజెన్స్‌కి చీఫ్.

కిరండోల్ వైపు వెళ్ళే గూడ్స్ కదిలింది. ఆ చప్పుడు చాటున బ్రీఫింగ్ మొదలైంది.

"శ్రీకాకుళం తీరంలో సన్నదిబ్బపాలెం అని ఒక బెస్త ఊరు. దాని ఎదురుగా సముద్రం అడుగున నేవీ ఒక పరికరం పెట్టింది. సబ్‌మెరైన్ల చప్పుడు వింటుంది. మనం దాన్ని 'చెవి' అందాం. ఒక విదేశీ ముఠా దాన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది. రీసెర్చ్ షిప్ అని బోర్డు పెట్టుకున్న ఓడ ఒకటి మన హద్దు అవతల నిలబడి ఉంది."

"ఎందుకు ఆగింది?"

"పాలెం పడవలు రేయింబవళ్ళు సరిగ్గా ఆ చోటే వల వేస్తాయి. అంతమంది కళ్ళ ముందు డైవర్లు దిగలేరు. సముద్రం ఖాళీ అయిన రోజు వస్తారు. ఆ కబురు ఊళ్ళోని ఎగుమతి కంపెనీ నుంచి వెళుతుంది. ఎలా వెళుతుందో తెలీదు. ఫోన్లు విన్నాం. మెయిల్స్ చదివాం. చేపల రేట్లు తప్ప ఏమీ లేవు. వాళ్ళు వచ్చే రోజు ముందుగా తెలిస్తే చాలు, మిగతాది నేవీ చూసుకుంటుంది."

ఆయన జేబులోంచి చెవిటి మిషన్ ఒకటి తీసి ఇచ్చాడు.

"ఇందులో రేడియో ఉంది. నీ ఫోన్‌కి కూడా కలుస్తుంది. నువ్వు ఇవాళ్టినుంచి సగం చెవిటివాడివి. పేరు గోపి. కంప్యూటర్ ఆపరేటర్‌వి. కంపెనీలో మన మనిషి ఒకరున్నారు. ఇదే కోడ్‌తో నిన్ను పలకరిస్తారు."

"కుటుంబం గురించి అడిగితే?"

నరసింగరావు ఫ్లాస్కు మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు.

"నిజమే చెప్పు. దానికి కవర్ స్టోరీ అక్కర్లేదు."

రెండేళ్ళ కిందట భాస్కర్ సరిహద్దులో ఇంకో పేరుతో ఉండగా అతని భార్య ఉష చనిపోయింది. ఆ కబురు మామూలు సందేశాల్లాగే కోడ్‌లో వచ్చింది. ఒక్కొక్క అక్షరం అతనే విప్పుకున్నాడు.

* * *

సన్నదిబ్బపాలెంలో అతనికి దొరికిన గది ఒక పెంకుటింట్లో సగం. మిగతా సగంలో జగ్గమ్మ ఉండేది. ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ. మధ్యలో ఒక్కటే గోడ.

మొదటి సాయంత్రం దీపాలవేళ ఆ గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

"ఒరే సెవిటోడా! ఉన్నావేటిరా?"

భాస్కర్ పలకలేదు. ఏజెంటు తన ఉనికిని ఎవరికీ ధ్రువీకరించకూడదన్నది శిక్షణలో మొదటి పాఠం. కేక మళ్ళీ వచ్చింది. మూడోసారి గోడ మీద రోకలితో కొట్టింది. సున్నం రాలింది.

"ఉన్నాను మామ్మా!"

"ఉంటే పలకడానికేటి రోగం?"

మర్నాడు ఆమే చెప్పింది. "నా పెనిమిటి వేటకెళ్ళి రాలేదురా. ఉన్నాడో లేడో సెప్పినోడు లేడు. అప్పట్నించి పక్కింట్లో ఎవుడున్నా పొద్దుగూకేసరికి అడుగుతాను. నీకు పెళ్ళామున్నాదా?"

"పోయింది."

 ఆమె రెండు కవ్వళ్ళ చేపలు కాల్చి ఆకులో పెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆమె అడిగేది, అతను పలికేవాడు. కొన్నాళ్ళకి అతను దీపాలవేళకి గదికి చేరుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకో తనకి తాను చెప్పుకోలేదు.

* * *

కంపెనీలో ఎక్స్‌పోర్ట్స్ మేనేజర్ పేరు అరుణశ్రీ. లేత రంగు చీర, నల్ల కళ్ళద్దాలు. రొయ్యల షెడ్డు దాటి వచ్చేటప్పుడు కూడా ఆమె చుట్టూ ఖరీదైన సెంటు వాసన వచ్చేది. షెడ్డులో ఆడవాళ్ళు రొయ్యలు ఒలవడం ఆపి చూసేవాళ్ళు.

చేరిన వారంలో ఆమె అతని బల్ల దగ్గర ఆగింది. "అరకు కాఫీ ఉందా?"

"పొడి అయిపోయింది. వాసన మిగిలింది."

ఆమె నవ్వింది. "మీ పక్కింటి ముసలామె గొంతు ఆఫీసు దాకా వినిపిస్తుందట కదా!" అని వెళ్ళిపోయింది.

మన మనిషి ఈమేనన్నమాట. భాస్కర్‌కి కొంచెం ధైర్యం వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు అతను మెడలోని తాయెత్తు విప్పాడు. అందులో పెన్‌డ్రైవ్ ఉంది. రేట్ల ఎక్సెల్ షీటు వెనక దాచిన మాక్రోకి, అంటే లోపల నడిచే చిన్న ప్రోగ్రాముకి, పాస్‌వర్డ్ తాళం ఉంది. పెన్‌డ్రైవ్ ఆ తాళం విప్పింది.

కోడ్ చిన్నది. రోజూ ఉదయం పది గంటలకి షీటు దానంతటదే తెరుచుకుంటుంది. వెంటనే మాక్రో 'డిర్' అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. డిర్ చేసేది ఒకటే పని. ఫోల్డరు గుమ్మంలో నిలబడి ఒక పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరుతో ఫైలు ఉంటే, ఆ పేరే తిరిగి పలుకుతుంది. లేకపోతే జవాబు ఖాళీ. లోపల ఏముందో డిర్‌కి అక్కర్లేదు.

ఇక్కడ అది పిలుస్తున్నది ఆ రోజు వేట ఫైలుని. ఫైలు ఉంటే మామూలు రేట్లు విదేశీ కొనుగోలుదారుకి మెయిల్‌లో వెళతాయి. లేకపోతే అవే రేట్లు, చందువ చేప గడి మాత్రం ఖాళీగా వెళతాయి.

ఆ ఖాళీ గడే కబురు. సముద్రంలో ఎవరూ లేరు, రండి అని.

వేట ఫైలు పెట్టేవాడు ఎల్లాజీ. రేవులో నిలబడి ఏ పడవకి ఎంత చేప పడిందో చూసి కంప్యూటర్లో ఎక్కించే గుమాస్తా.

"పడవలు ఎప్పుడెప్పుడు వెళ్ళవు ఎల్లాజీ?"

"గాలివాన ఉంటే ఎళ్ళవు బాబూ. అప్పుడు ఓడలూ రావనుకో. వేట నిషేధమప్పుడు ఎళ్ళవు. అప్పుడు కోస్ట్‌గార్డు బోట్లు తిరుగుతుంటాయి."

"ఇంకెప్పుడూ మానరా?"

"ఊర్లో ఎవరైనా పోతే మానేస్తాం. సావు ఊర్లో ఉండగా మా పాలెపోళ్ళు వల ముట్టరు. ఏసిన వలలు కూడా ఎత్తుకొచ్చేస్తారు. ఆ పొద్దు సముద్రం మీద కాకి కూడా ఉండదు."

"ఆ రోజు ఫైలు?"

"సేపే లేకపోతే ఫైలెందుకు?"

భాస్కర్ తెర మీది చందువ గడి వైపు చూశాడు. ముఠా ఎదురు చూస్తున్నది మంచి వాతావరణం కోసం కాదు. ఒక చావు కోసం. ఎంతకాలం ఎదురు చూస్తారు?

ఆ సాయంత్రం అరుణశ్రీ కారు దగ్గర అతను అంతా చెప్పాడు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"అయితే ఎవరూ చనిపోకుండా చూద్దాం. చీఫ్ నిన్ను రేపు సాయంత్రం విజయనగరం రమ్మన్నారు. నువ్వే వెళ్ళి రిపోర్ట్ చెయ్యి. ఈలోగా రేడియో వాడొద్దు, ఎవరైనా వింటారు."

* * *

బస్సు రణస్థలం దాటింది. పొద్దు వాలుతోంది. జగ్గమ్మతో చెప్పి రాలేదన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో ఆమె గోడ మీద రోకలితో కొడుతుంది. పలికేవాడు ఉండడు.

ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలి మనిషి. పడుకుని లేవకపోతే ఎవరూ ప్రశ్నించరు. అరిస్తే వినేవాడు ఒక్కడే, గోడ ఇవతలివాడు. వాడు ఇప్పుడు విజయనగరం బస్సులో ఉన్నాడు.

అతను చెవిటి మిషన్ మీది బటన్ నొక్కాడు.

"చీఫ్, మీరు నన్ను రమ్మన్నారా?"

"లేదే. ఎవరు చెప్పారు?"

భాస్కర్ కదులుతున్న బస్సులోంచే దిగాడు.

ఎదురుగా వస్తున్న ఐసు లారీ అతన్ని వెనక్కి తీసుకొచ్చింది. పాలెం చేరేసరికి అన్ని ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి. ఒక్క ఇంట్లో వెలగలేదు. అతను గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్న అతను అడిగాడు.

"మామ్మా! ఉన్నావా?"

జవాబు లేదు.

రెండేళ్ళ కిందట కాగితం మీద విప్పిన అక్షరాలు ఒక్కసారిగా కళ్ళ ముందుకి వచ్చాయి. తలుపు తోశాడు.

"ఎవుడ్రా అది తలుపిరగ్గొడతన్నాడు?" చీకట్లోంచి విసురుగా వినిపించింది. "సెవిటోడివేనా? ఎంత అరిసినాను! ఎక్కడ సచ్చినావు?"

జగ్గమ్మ గోడకి చేరబడి కూర్చుని ఉంది. ముందు కంచంలో అన్నం చల్లారిపోయింది. పక్కన కొత్త మందు సీసా. చేతిలో గ్లాసు.

"అదేమిటి?"

"మీ ఆపీసమ్మ ఇచ్చినాదిరా. కీళ్ళ నొప్పులకంట. మంచి మనిషి, ఇంటికొచ్చి మరీ ఇచ్చినాది. బువ్వ తిన్నాక తాగమంది. బువ్వ దిగితే కదా! ఇంక ఉత్తినే తాగేసి తొంగుందామని..."

అతను గ్లాసు లాక్కున్నాడు. సగం అతని చొక్కా మీద ఒలికింది.

"ఎందుకు తినలేదు?"

"నువ్వు పలకలేదు కదేటి. ఉన్నావని తెలిస్తేగానీ నాకు ముద్ద దిగదు."

భాస్కర్ నేల మీద కూర్చుండిపోయాడు.  ఆమె కంచం అతని వైపు జరిపింది.

"ఇద్దరికీ సరిపోద్ది. తిను."

* * *

అరుణశ్రీ మన దగ్గరా ముఠా దగ్గరా జీతం తీసుకుంటోందని నరసింగరావు రేడియోలో ఒప్పుకున్నాడు. ఆయన గొంతు అలసిపోయినట్టుంది. "అరెస్టు చేస్తే ఓడ పారిపోతుంది. ఓడ మన హద్దులోకి రావాలి."

"ఓడ రావాలంటే చావు కావాలి సార్."

ఈ మాటలు వింటున్న జగ్గమ్మ చెయ్యి కడుక్కుంటూ అంది. "నేను సచ్చిపోయానని సెప్పండ్రా. నాకోసం ఎవులు ఏడుస్తారో, ఎవులు ఏడవరో సూడాలని నాకూ ఉన్నాది."

కులపెద్ద ఎర్రన్నని ఒప్పించడం కష్టమైంది. "బతికున్న మనిషికి సావు మైల పట్టడమేటి బాబూ? గంగమ్మతల్లికి ఏటని సెప్పుకోను?" అన్నాడు. చివరికి జగ్గమ్మే తేల్చింది. "నిజంగా పోయినప్పుడు మీరు వేటకెళ్ళిపోండి. బాకీ సెల్లు."

తెల్లారేసరికి వలలన్నీ ఒడ్డుకి చేరాయి. పడవలు ఇసకలో బోర్లా పడుకున్నాయి. జగ్గమ్మ వీధి గుమ్మంలో చాప మీద పడుకుంది. పక్కన ఆమెతో పాటు చేపలమ్మే అసిరమ్మ శోకాలు పెడుతోంది.

"ఓలమ్మో! నా గంప తీసుకెళ్ళి తిరిగియ్యకుండానే పోయినావే! గయ్యాళిదానివైనా నా జగ్గమ్మవే!"

శవం కనురెప్ప ఒకటి కోపంగా అదిరింది. అదే సమయానికి అరుణశ్రీ తెల్లచీర కట్టుకుని పూలదండతో వచ్చింది. అసిరమ్మ వెంటనే శవం ముఖం మీద పడి ఏడ్చింది. అరుణశ్రీ దండ కాళ్ళ దగ్గర పెట్టి, భాస్కర్ వైపు చూసింది.

"విజయనగరం నుంచి ఎప్పుడొచ్చావు?"

"పొద్దున్నే కబురు తెలిసింది మేడం. రాత్రంతా చూశాను, చీఫ్ రాలేదు."

"పాపం," అంది ఆమె. వాచీ చూసుకుంది.

పది కావస్తోంది. ఆఫీసులో అరుణశ్రీ గది తలుపు మూసి ఉంది. భాస్కర్ తన కంప్యూటర్లో ఫోల్డరు తెరిచాడు. 

ఆ రోజు వేట ఫైలు అక్కడ ఉంది.

"ఎల్లాజీ, ఇదేమిటి?"

"కాళీగానే పెట్టాను బాబూ," ఎల్లాజీ గొంతు తగ్గించాడు. "నిజం సావు కాదు కదా! దొంగ సావుకి లెక్క మానేస్తే తప్పు కదేటి?"

ఫైలులో ఒక్క అక్షరం లేదు. కానీ డిర్ లోపలికి చూడదు. పేరుంటే చాలు, ఉన్నట్టే లెక్క. ఎన్నో పేర్లతో ఎన్నో ఊళ్ళల్లో తిరిగిన భాస్కర్‌కి ఆ సంగతి కొత్తగా అనిపించలేదు.

డిలీట్ నొక్కాడు. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. అవును. మూసి ఉన్న గదిలో షీటు తెరుచుకున్న చిన్న శబ్దం వినిపించింది.

డిర్ పిలిచింది. ఎవరూ పలకలేదు. ఖాళీ గడితో మెయిల్ వెళ్ళింది.

మధ్యాహ్నానికి ఓడ హద్దు దాటి వచ్చింది. డైవర్లు నీళ్ళల్లోకి దిగి చెవి మీద చెయ్యి వేసేసరికి, ఒక పక్కనుంచి విశాఖ నేవీ బోట్లు, ఇంకో పక్కనుంచి ఎర్రన్న పడవలు చుట్టుముట్టాయి. పడవల్లో వలలు లేవు. మైల కదా.

అరుణశ్రీని కారు ఎక్కిస్తుండగా ఆమె భాస్కర్ దగ్గర ఆగింది. "ముసలిది ఎందుకు తాగలేదు?"

"నేను పలకలేదని."

ఆమెకి అర్థం కాలేదు. అతను కారు తలుపు వేశాడు.

* * *

కొత్తవలస ప్లాట్‌ఫారం మీద నరసింగరావు కొత్త పేరు, కొత్త ఊరు ఉన్న కవరు ఇచ్చి, సామాన్లు లెక్క చూసుకున్నాడు. తాయెత్తు ఉంది. చెవిటి మిషన్ లేదు.

"సముద్రంలో పడిపోయింది సార్."

నరసింగరావు అతని చెవి వైపు చూశాడు. మిషన్ అక్కడే ఉంది. ఆయన రిజిస్టర్లో 'లేదు' అని రాసుకుని ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు.

కిరండోల్ రైలు కొండలు ఎక్కుతోంది. పెట్టెలో దీపాలు వెలిగాయి. కిటికీ పక్కన భాస్కర్ బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెవిలో చిన్న గరగర వినిపించింది. తర్వాత ఎల్లాజీ గొంతు. "ఇదిగో ఈ ఫోన్లో మాటాడు, బిగ్గరగా అరవకే."

"ఒరే సెవిటోడా! ఉన్నావేటిరా?"

పెట్టె అంతా వినిపించినట్టే అనిపించింది.

"ఉన్నాను మామ్మా," అన్నాడు. "బువ్వ తిను."

ఎదుటి బల్ల మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన వింతగా చూశాడు. "ఎవుర్తో బాబూ, నీలో నువ్వే మాటాడతన్నావు?"

"ఏం లేదండీ," అన్నాడు భాస్కర్. "హాజరు వేస్తున్నారు."