కుడిచేతి కొండ

హారతి పళ్ళెం అడుగున పాతకాలం నుంచీ అంటుకుని ఉన్న లక్క ఆ ఉదయం పెచ్చులుగా ఊడిపోయింది. దాని కింద ఉలితో చెక్కిన గీతలు కనిపించాయి. మాణిక్యాలరావు పళ్ళేన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. ఒక కొండ, కొండ పాదాన వంతెన. వంతెన దాటాక అలల్లాంటి గీతలు రెండు, అంటే రెండు వాగులు. రెండో వాగు పక్కన నిలువు నామం.

"సుందరీ!" అని భార్యను కేకేశాడు. "స్వామి జాడ దొరికిందే!"

అతని తాత బ్రహ్మయ్య యానాం నుంచి ఫ్రెంచి సైన్యంలో చేరి, యుద్ధంలో శత్రువులకు చిక్కి, తప్పించుకుని ఫ్రాన్సులోని మోంబ్రాక్ కొండ అడవిలో బొగ్గులు కాల్చేవాళ్ళ మధ్య తలదాచుకున్నాడు. ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న జానెడు కంచు నరసింహస్వామిని సోదాలకు భయపడి ఆ కొండలోనే ఒక గుహలో దాచాడు. యుద్ధం ముగిశాక స్వామి కోసం తిరిగి వెళ్ళే వీలు దొరకక, హారతి పళ్ళెం ఒక్కటే వెంట తెచ్చుకుని యానాం రేవులో దిగేసరికి జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. "మోంబ్రాక్ కొండలో స్వామి ఉన్నాడు" అన్న మాట ఒక్కటే చెప్పి కన్నుమూశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో దీపం ఖాళీ పీఠం ముందే వెలుగుతోంది. మాణిక్యాలరావు ఫ్రాన్సులో స్థిరపడినప్పుడు ఆ పీఠాన్నీ, పళ్ళేన్నీ వెంట తెచ్చుకున్నాడు.

కూతురు హైమ చిన్నప్పుడు ఒకసారి అడిగింది. "నాన్నా, అక్కడ ఎవరూ లేరుగా. దణ్ణం ఎవరికి?"

"తీసుకొస్తానమ్మా" అన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా కాలినడకన వెళ్ళి వెతికాడు. జల్లెడలా గుహలున్న కొండ. ఎక్కడని చూస్తాడు?

ఇప్పుడు జాడ దొరికింది, గడువే లేదు. గబ్బిలాలు చలికాలం నిద్రకు చేరే వేళయిందని అడవిశాఖ వాళ్ళు ఆ కొండ గుహలన్నిటికీ ఇనపకటకటాలు బిగిస్తున్నారు. మర్నాటితో చివరి గుహా మూతపడుతుంది.

అడవిలోకి కార్లను రానివ్వరు. కొండ చుట్టూ కంకరదారి ఒక్కటే ఉంది. దాన్ని ఒక్కరోజులో చుట్టాలంటే సైకిలే గతి. కంకర మీద తొక్కే లావు టైర్ల సైకిళ్ళంటే హైమకు ప్రాణం. ఆ కొండల్లో ఆమె చక్రం పడని బాట లేదు. అలా ముగ్గురు బయలుదేరారు. ముందు హైమ, వెనక మాణిక్యాలరావు, ఆ వెనక సుందరి తమ్ముడు నూకరాజు. అతని వీపుసంచిలో సుత్తి, ఉలి ఉన్నాయి. స్వామితోపాటు తాత నగలు కూడా దాచే ఉంటాడని నూకరాజు నమ్మకం.

"ఇదేం సైకిలే బాబూ! పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఊరేగుతున్నట్టుంది!" అని కిందికి వంపు తిరిగిన హ్యాండిల్ని బిగించి పట్టుకుని అరిచాడు నూకరాజు.

"కొమ్ములు పిసక్కు మావయ్యా! భుజాలు వదిలెయ్, సైకిలే పోతది!"

"పోతది, పోతది. నన్నిక్కడ పడేసి మరీ పోతది!"

వంతెన దగ్గర దారి రెండుగా చీలింది. "ఎడమవైపు నిట్టనిలువు ఎత్తు నాన్నా, మావయ్య చస్తాడు. కుడివైపు నుంచి తిరుగుదాం" అంది హైమ. సరేనన్నాడు మాణిక్యాలరావు. అతని చూపు దారి మీద లేదు, మేఘాల మీద ఉంది.

చక్రాల కింద కంకర కరకరలాడింది. చెస్ట్‌నట్ చెట్ల ముళ్ళకాయలు టైర్ల కింద పగిలి ఎగిరాయి. తుప్పురంగు తిరిగిన ఫెర్న్ పొదలు మోకాళ్ళను రాచుకుపోయాయి. మొదటి వాగు దాటారు. రెండో వాగు చేరారు. సైకిళ్ళు పడేసి ముళ్ళపొదలు తోసుకుంటూ గట్టెక్కారు. దొరికిందల్లా ఒక నక్కబొరియ. నూకరాజు అందులో భుజం దాకా చెయ్యిపెట్టి కోడి ఈకలు బయటికి లాగాడు.

"ఇవేనా బావా మీ తాత నగలు?"

మాణిక్యాలరావు నవ్వలేదు. కొండనంతా కళ్ళతో తడిమాడు. మధ్యాహ్నం దాటింది. దూరంగా ఉరిమింది. 'ఇంత దగ్గరికి రప్పించి ఇదేమిటి స్వామీ? అసలు నువ్వు రావాలనుకుంటున్నావా?' అనుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక కొండకేసి చేతులు జోడించి, ఇంట్లో రోజూ చేసే అలవాటుకొద్దీ ఆత్మప్రదక్షిణం మొదలుపెట్టాడు. కాళ్ళు వాటంతట అవే కుడికి తిరిగాయి.

సగం తిరిగి ఆగిపోయాడు.

"హైమా! ఇప్పుడు మనం వచ్చిన దారిలో కొండ ఏ చేతికుంది?"

"ఎడమ చేతికి. ఏం?"

"స్వామిని ఎడమచేతికి వదిలి తాత ఒక్క అడుగైనా వేస్తాడా? పళ్ళెం మీద ఎటు తిరగాలో ఎందుకు గియ్యలేదంటే, ఆయనకి రెండో వైపనేదే లేదు! పదండి వెనక్కి! ప్రదక్షిణం చెయ్యాలి!"

"ఆ నిట్టనిలువు ఎత్తా?" అని నూకరాజు నోరు తెరిచాడు. అప్పటికే తండ్రీకూతుళ్ళు మలుపు తిరిగిపోయారు.

వంతెన దాకా పల్లంలో దూసుకొచ్చారు. అక్కణ్ణుంచి ఎత్తు. గేర్లు కిందికి దింపి, పళ్ళు బిగించి, తడి ఆకుల మీద వెనక చక్రం జారుతుంటే సీటు మీద వెనక్కి జరిగి తొక్కారు. మాణిక్యాలరావు గుండె చెవుల్లో కొట్టుకుంది. మొదటి వాగు వచ్చింది. చినుకులు మొదలయ్యాయి. రెండో వాగు దగ్గర, రాతిగోడ మీద నుంచి జారుతున్న సన్నటి నీటిధార వెనక, మనిషి పక్కకు తిరిగితే పట్టేంత చీలిక ఉంది. దాని పక్కన నాచు పట్టిన నామం!

"నేను వాగు చూస్తూ ఇక్కడే ఉంటా. కేకేస్తే వచ్చెయ్యాలి!" అంది హైమ.

బావాబావమరుదులు తలలకు దీపాలు కట్టుకుని లోపలికి దూరారు. అడుగున పాదాలు మునిగేంత నీరు. కప్పు నిండా గబ్బిలాలు ముడుచుకుని వేలాడుతున్నాయి. దారి వంగి, మరీ వంగి, చివరికి ఒక గదిలా విచ్చుకుంది. ఎదుటి గూటిలో దీపం వెలుగు పడగానే రెండు కళ్ళు మెరిశాయి.

నరసింహస్వామి! మాణిక్యాలరావు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

కానీ స్వామి నడుము దాకా రాయయిపోయాడు. ఆ కొండ నీళ్ళలో సున్నం ఉంది. ఇన్నేళ్ళుగా పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా శిరస్సు మీద పడి, జారి, గడ్డకట్టి, పాదాలనూ నడుమునూ కొండలో కలిపేసింది. చూస్తుండగానే ఇంకో బొట్టు పడింది. నగలూ లేవు, ఏమీ లేవు.

"నాలుగు దెబ్బలు బావా! ఊడొచ్చేస్తాడు" అని నూకరాజు ఉలి పెట్టి కొట్టాడు. గుహంతా ఖంగుమంది. కప్పున ఉన్న గబ్బిలాలు నల్లటి గాలిలా లేచాయి. స్వామి ఎడమ మోచేతి దగ్గర సన్నటి పగులు పాకింది.

"నాన్నా! వాగు పొంగుతోంది! వచ్చెయ్యండి!" బయట నుంచి హైమ కేక.

"ఇంకొక్కటి! చెయ్యి పోతే పోయింది, అతికించుకోవచ్చు!" అని నూకరాజు మళ్ళీ సుత్తి ఎత్తాడు. మాణిక్యాలరావు ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగరా!"

"రేపు కటకటాలేసేస్తారు బావా! మళ్ళీ చచ్చినా దొరకడు!"

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. ఇంకో బొట్టు స్వామి శిరస్సు మీద పడింది. ఇంట్లో ఖాళీ పీఠానికి అభిషేకం శనివారానికొకసారి, అదీ కుదిరితే. జ్వరమొస్తే లేదు, ప్రయాణమైతే లేదు. ఇక్కడ ఎవరు పిలిచారని, ఏ మంత్రం చదివారని, ఒక్క పూట మానకుండా జరుగుతోంది?

"ఆయన తన ఇంట్లోనే ఉన్నాడు రా. మనమే ఆయన ఇంట్లోకొచ్చి గోడలు పగలగొడుతున్నాం. పద."

స్వామికి ఒక్క నమస్కారం పెట్టి బావమరిదిని ముందుకు తోశాడు. నీరు తొడల దాకా ఎగబాకింది. ఇరుకు దగ్గర నూకరాజు సంచి రాళ్ళ మధ్య ఇరుక్కుని అతణ్ణి బిగించేసింది. "వదిలెయ్ ఆ సంచీ!" అని మాణిక్యాలరావు గావుకేక పెట్టాడు. నూకరాజు భుజాలు విదిల్చి బయటపడ్డాడు. సుత్తీ ఉలీ సంచితో సహా నీళ్ళలో కలిశాయి. చీలిక దగ్గర హైమ వంగి మావయ్య చొక్కా పట్టుకుని లాగింది. ఆ వెనకే తండ్రిని. వాళ్ళు గట్టెక్కేసరికి చీలిక నోట్లోంచి ఎర్రటి నీరు బుసకొడుతూ బయటికి దూకింది.

ముగ్గురూ బురదలో కూర్చుండిపోయారు.

"దొరికాడా నాన్నా?"

"దొరికాడు."

హైమ తండ్రి ఖాళీ చేతులకేసి చూసింది.

మర్నాడు కటకటాలు బిగించారు. మాణిక్యాలరావుకు అవి గర్భగుడి తలుపుల్లా తోచాయి. ఇంట్లో పీఠం మీద ఏమీ పెట్టలేదు. దాని ముందు దీపం వెలిగిస్తూ కూతురితో అన్నాడు. "అప్పుడు అడిగావే, ఎవరికి దణ్ణమని. ఊళ్ళో లేనివాడి గుమ్మం ముందు కూడా ముగ్గు వేస్తాం కదమ్మా. ఉన్న చోటు తెలిసింది. అది చాలేమో."

ఆదివారం ముగ్గురూ మళ్ళీ వంతెన దగ్గర నిలబడ్డారు.

"బావా, గేర్లు మార్చుకుంటూ చేస్తే ఆ ప్రదక్షిణానికి పుణ్యం వస్తదంటావా?"

"ఏమోరా. నడిచి చేసినవాళ్ళకి వచ్చిందో లేదో మాత్రం మనకేం తెలుసు?"

హైమ ఎడమ దారిలోకి తిప్పింది. అటువైపు ఎత్తు ఎక్కువ. కొంతదూరం పోయాక మాణిక్యాలరావు దిగి, రొప్పుతూ, సైకిల్ని నడిపించుకుంటూ వెళ్ళాడు. కొండ అతని కుడిచేతికి ఉంది.