కనుమరుగు కాని పొగగొట్టం

ఆ మైదానంలో ఇల్లు మారడమంటే ఇంటినే లాక్కుపోవడం. గోడలు విప్పరు, కప్పు దించరు. కింద దుంగలు దూర్చి, జతలు జతలుగా ఎద్దుల్ని కట్టి, గడ్డి మీద ఈడ్చుకుపోతారు. ఆడవాళ్లూ పిల్లలూ లోపలే కూర్చుంటారు. పొగగొట్టం ఒక్కటే రాదు. మట్టీ, చెట్లకు వేలాడే నాచూ కలిపి కట్టింది కాబట్టి కదిపితే కూలిపోతుంది. దాన్ని ఉన్నచోటే వదిలేసి, కొత్తచోట ఇంకొకటి కట్టుకుంటారు.

సిల్వెన్ ఇల్లు తెల్లవారగానే కదిలింది. పెద్దకూతురు పెలాజీ జ్వరంతో పోయి నెల కాలేదు. ఇప్పుడు చిన్నది లుడివీన్‌కి అదే జ్వరం. అంతకుముందు చీకటితోనే, ప్రార్థన చదివి వైద్యం చేసే నానెట్ అవ్వ పిల్ల నుదురు తాకి, చేయి తీసేసుకుంది.

"ఈ నేలలోనే ఉంది జ్వరం. పిల్ల దక్కాలంటే పొద్దుగూకేలోగా మీ పొగగొట్టం కంటికి ఆననంత దూరం పోండి. అంతవరకు ఎద్దుల్ని విప్పొద్దు" అంది.

పెలాజీని పాతిపెట్టింది ఆ పొగగొట్టం వెనకే. తల్లి ఒసీత్ ఆ రోజు ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. వండింది, ఉతికింది, అడిగినదానికి జవాబు చెప్పింది.

ఇల్లు వాగు దగ్గర ఆగిపోయింది. ఎద్దులు మోకాళ్ల మీద పడుతున్నాయి.

"వదినా, లోపల ఏం దాచావో చెప్పు. నా ఎద్దులు చచ్చేట్టున్నాయి" అని అరిచాడు సిల్వెన్ తమ్ముడు బాజిల్.

"మీ అత్తగారినేరా" అన్నాడు సిల్వెన్ తమ్ముడితో.

"అయితే ఇక్కడే దింపేద్దాం అన్నయ్యా. వాగులోకైతే ఇంకా మంచిది."

అందరూ నవ్వారు. ఇల్లు మళ్లీ కదిలింది.

పొగగొట్టం ఉండేచోట గోడలో పెద్ద ఖాళీ. ఒసీత్ లుడివీన్‌ని ఒళ్లో పెట్టుకుని ఆ ఖాళీకి ఎదురుగా కూర్చుంది. అందులోంచి వెనకబడుతున్న మైదానం కనిపిస్తోంది. బయల్దేరినప్పుడు పొగగొట్టం నిలువెత్తున ఉంది. తర్వాత మూరెడు అయింది. వాగు దాటేసరికి అరచేతిలో సగం. ఆమె చేయి చాపి, ఒక కన్ను మూసి కొలుస్తోంది.

మధ్యాహ్నం మళ్లీ కొలిచింది. అరచేతిలో సగమే ఉంది.

దుంగలు దొర్లుతున్నాయి, గడ్డి నలుగుతోంది. అయినా పొగగొట్టం అంతే ఉంది.

తాము పుట్టిన పాత దేశం నుంచి ఇంగ్లీషు సిపాయిలు వాళ్ల జనాన్నంతా ఓడెక్కించి తోలేసినప్పుడూ ఆమె ఇలాగే చూసింది. అప్పుడామె చిన్నపిల్ల. ఒడ్డున ఇళ్లు కాలిపోయాయి, పొగగొట్టాలు వరుసగా మిగిలాయి. కాసేపటికి అవి పుల్లల్లా అయ్యాయి. ఆ తర్వాత సముద్రమే. దూరం పోయేకొద్దీ ఏదైనా చిన్నదవుతుందని ఆమె అప్పుడే నేర్చుకుంది.

ఎద్దులకు నీళ్లు పట్టేటప్పుడు భర్తను పిలిచింది.

"ఇంకా కనిపిస్తోంది" అంది.

సిల్వెన్ వంగి, ఖాళీలోంచి చాలాసేపు చూశాడు. "ఏదీ? గడ్డే కదా ఉంది."

"అదిగో."

"నీకు నిద్ర లేదే. పిల్లకి రెండు చుక్కలు నీళ్లు పట్టు" అని వెళ్లిపోయాడు.

ఆమె మళ్లీ కొలిచింది. అరచేయి మొత్తం నిండింది.

సాయంత్రానికి పొగమంచు దిగింది. ముందు దూరంగా ఉన్న గడ్డి పోయింది, తర్వాత దగ్గరది. ఖాళీ అంతా తెల్లగా అయింది. పొగగొట్టం లేదు.

"ఇంక ఏమీ కనపడదు. విప్పేయండిరా" అన్న సిల్వెన్ గొంతు వినిపించింది. గొలుసులు కిందపడ్డాయి. మనుషుల మాటలు ఎద్దుల వెంట దూరంగా వెళ్లిపోయాయి.

వాసన వచ్చింది... తడికట్టె కాలుతున్న వాసన. దాని వెనకే కాలిన మట్టి వాసన.

ఒసీత్ ఖాళీలోంచి చేయి బయటికి చాపింది. మంచులో మణికట్టు దాకా కనిపించలేదు.

వేళ్లకు మట్టిగోడ తగిలింది. వెచ్చగా ఉంది...

చేయి వెనక్కి తీసుకుంది. పిల్ల నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. చల్లగా ఉంది. ఎంత చల్లగా ఉందో ఆలోచించకుండా దుప్పటి మెడదాకా లాగింది. ఊపిరి ఉందో లేదో చూడాలి. చేయి ముక్కు దగ్గరికి వెళ్లలేదు.

బయట అడుగులు. సిల్వెన్ గుమ్మం అవతల నిలబడి, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు గుసగుసగా అన్నాడు.

"ఒసీత్... చిన్నదాన్ని బయటికెందుకు పంపావు? మంచులో వట్టి కాళ్లతో తిరుగుతోంది."

ఆమె ఒళ్లోని దుప్పటిని గట్టిగా పట్టుకుంది.

"పోనీలే, జ్వరం దిగినట్టుంది. ఎవరు వెలిగించారో గాని, ఇంటి వెనక నిప్పు దగ్గర చేతులు కాచుకుంటోంది. ఇటు తిరగవే అంటే తిరగదు." అతని గొంతులో సంతోషం ఉంది. చాలా రోజుల తర్వాత. "నేను పిలిస్తే రాదట. అమ్మే పిలవాలట."

ఒసీత్ ఒళ్లో బరువు చూసుకుంది. ఖాళీ వైపు చూసింది. మంచు వెనక ఎర్రగా ఏదో మెదిలింది. ఇన్నాళ్లుగా లోపల గడ్డకట్టినదేదీ కరగలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"రా అమ్మా" అంది. ఏ పేరూ పెట్టి పిలవలేదు.

గడ్డిలో చిన్న కాళ్లు పరిగెత్తుకొస్తున్న చప్పుడు...

ఒళ్లో ఉన్న పిల్ల కళ్లు తెరవకుండానే కొంచెం పక్కకు జరిగి, చోటిచ్చింది.