బందరులో దిగితే సముద్రం

"ఇది రాసింది మీరేనా?"

తిరువూరు లైబ్రరీలో పేపరు చదువుకుంటున్న నా ముందు మా లిఖిత పత్రిక వచ్చి పడింది. తలెత్తాను. ఎండకు కందిపోయిన మొహం, అంతకంటే ఎర్రబడ్డ కళ్ళు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన పత్తి వ్యాపారి గారమ్మాయి పరమేశ్వరి. బెజవాడలో బి.ఏ. చదువుతూ సెలవులకు వచ్చింది. ఆమె ఏ బల్ల దగ్గర కూర్చుంటే దాని ఎదురు బల్ల నాది. నాతో మాట్లాడటం మాత్రం ఇదే మొదలు.

"నేనేనండి. శేషగిరిరావుని," అన్నాను, మెచ్చుకుంటుందేమోనని సర్దుకుని కూర్చుంటూ.

మా పత్రికకి అచ్చూ గిచ్చూ లేదు. చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి లైబ్రరీ బల్ల మీద ఉంటుంది, వచ్చినవాళ్ళు అక్కడే చదువుకోవాలి. ఆ డెబ్భై నాలుగు వేసవి సంచికలో ఎక్కడికి వెళ్ళాలి, ఏం చదవాలి, ఏ ఆట చూడాలి అని మూడు సలహాలు రాశాను.

"'బందరు బస్టాండులో దిగండి, నాలుగడుగులు వేస్తే సముద్రం.' ఇది మీ వాక్యమేగా?"

"అవునండి."

"నాలుగడుగులు కాదు, ఏడు మైళ్ళు! రిక్షావాడు నవ్వుతున్నా వినకుండా, పత్రికలో రాశారని వాదించి మరీ అమ్మని నడిపించాను. మూడో మైలు దగ్గర పడిపోయింది. వడదెబ్బ. మూడు రోజులు మంచం దిగలేదు."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు ఊరుకుంటేగా!

"నేను వెళ్ళినప్పుడు దగ్గరగానే ఉందండీ."

"ఓహో! తర్వాత జరిగిందా?"

పక్క బల్ల వాళ్ళు కిసుక్కున నవ్వారు. లైబ్రేరియన్ దశరథరామయ్య గారు కళ్ళజోడు పైనుంచి నన్నే చూశారు.

"చదువు సలహా మాత్రం పనికొచ్చింది లెండి. 'మధ్యాహ్నం పూట లావు నవలలు పట్టకండి, చిన్న కథలు చదవండి' అన్నారుగా. అమ్మ మంచం పక్కన కూర్చుని చదివాను. ఇక ఆట ఒకటి మిగిలింది. అదీ చూస్తాను," అని వెళ్ళిపోయింది.

నిజానికి నేను సముద్రమే చూడలేదు. బెజవాడ దాటి ఎరగను. మా మెట్ట ఊళ్ళవాళ్ళకి బందరంటే సముద్రమే. బస్సు దిగగానే అలలు కాళ్ళు తడుపుతాయని నేనూ అనుకున్నాను, అనుకున్నది రాసేశాను. శేషగిరి రాశాడంటే చూసొచ్చి రాసినట్టే అని ఊళ్ళో పేరు. ఆ పేరు పోతుందని ఒక భయం. ఆ అమ్మాయి ఇక జన్మలో నా మాట నమ్మదని ఇంకో భయం. నన్ను తినేసింది రెండోదే.

శనివారం సాయంత్రం హైస్కూలు గ్రౌండులో బాల్ బ్యాడ్మింటన్ ఫైనల్. విస్సన్నపేట టీముకీ మా టీముకీ. గాలి పడిపోయాక మొదలుపెట్టారు, లేకపోతే ఆ ఉన్ని బంతి ఎటు పోతుందో ఆడేవాడికే తెలియదు. పరమేశ్వరి వాళ్ళమ్మ సుబ్బరత్నం గారితో వచ్చి, సరిగ్గా నేను రాసిన చోటే, కోర్టు మూలన కూర్చుంది. "బంతిని చూడకండి, వెనక ఆడేవాడి పాదాలు చూడండి" అని కూడా రాశాను. ఆమె పాదాలే చూస్తోంది.

ఆట సగంలో ఉండగా నా వైపు తిరిగింది.

"ఇది చూసి రాశారు."

"ఎనిమిదేళ్ళుగా చూస్తున్నానండి."

"మరి సముద్రం?"

చుట్టూ ఈలలు, కేకలు. ఏదో ఒకటి అనేసి తప్పించుకోవచ్చు. కానీ తల మీద తడి తువ్వాలు వేసుకుని, ఇంకా నీరసంగానే ఉన్న సుబ్బరత్నం గారు కళ్ళబడ్డారు.

"చూడలేదండి. ఒక్కసారి కూడా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా ఒక్కదానికి చెప్తే ఏం లాభం?" అంది మెల్లగా. "రేపు ఇంకెవరో వాళ్ళమ్మని తీసుకుని బయల్దేరితే?"

మర్నాడు లైబ్రరీ తెరవగానే నా వ్యాసం కిందే ఎర్రసిరాతో రాశాను. "నేను సముద్రం చూడలేదు. బందరు నుంచి ఏడు మైళ్ళట. నా రాత నమ్మి ఒక తల్లి ఎండలో పడిపోయారు. తప్పు నాదే." కింద సంతకం కూడా పెట్టాను.

ఇంకేముంది, ఊరు ఊరంతా నన్ను ఏడిపించింది. "ఒరే శేషగిరీ, మన పక్కనున్న గంపలగూడెం ఎన్ని మైళ్ళురా, ఎప్పుడైనా చూశావా?" మా నాన్న కొట్టుకి పప్పులకొచ్చినవాళ్ళు కూడా వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అయినా గుండెల మీద బరువు దిగింది.

కాలేజీ తెరిచే ముందు పరమేశ్వరి పుస్తకాలు తిరిగి ఇవ్వటానికి వచ్చింది. వెంట సుబ్బరత్నం గారు.

"నా గురించి రాసింది నువ్వేనా బాబూ?"

"నేనేనమ్మా, క్షమించండి."

"పోనీలే, ఎండని నువ్వు పంపలేదుగా. తప్పొప్పుకున్న మగాణ్ణి చూడటం నాకిదే మొదలు," అని నవ్వి, పుస్తకాలు పుచ్చుకుని దశరథరామయ్య గారి దగ్గరికి వెళ్ళారు.

బయట తొలకరి జల్లు మొదలైంది. పరమేశ్వరి పత్రిక పేజీలు తిప్పుతూ నిలబడింది.

"వచ్చే వేసవికి ఏం రాస్తారు?"

"చూసింది మాత్రమే రాస్తానండి."

"ఏం చూశారేంటి మీరు?"

అబద్ధమైతే ఈపాటికి పది చెప్పేవాణ్ణి. నిజం ఒక్కటే ఉంది.

"ఈ వేసవంతా నేను చూసింది మిమ్మల్నేనండి. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పత్రిక మూసి నా చేతిలో పెట్టింది.

"ఇది మాత్రం ఇందులో రాయకండి," అంది, తల ఎత్తకుండానే. "మా నాన్నగారు ఐదింటికల్లా ఇంటికొస్తారు. ఆయనతో చెప్పండి."