జిన్నారం షెడ్డులో మూడు కమ్మీల కత్తి

జిన్నారం దారిలో మూతపడ్డ మందుల కంపెనీ షెడ్డు ఒకటుంది. పొద్దుగూకితే లోపల ఎవరో ఒరలోంచి కత్తి దూస్తారని దానికి పేరు. షిఫ్టు దిగిన వాళ్లెవరూ దాని ముందు బండి ఆపరు. మా రాజేశ్వర్ మాత్రం ఆ పేరు విని మరీ కిరాయికి తీసుకున్నాడు. పాత సైనికుల కత్తులు పోగుచేసే పిచ్చి అతనిది. అక్కడైతే దొంగలు రారని ధీమా.

ఏ కత్తి ఏ దళానిదో చెప్పే పిచ్చి నాది. సంగారెడ్డిలో పప్పుల దుకాణం నడుపుకునే నన్ను ఈ ఒక్క విషయంలో జనం పండితుడంటారు. వాళ్లు అనకపోతే నేనే అంటాను.

రాజేశ్వర్‌కు కొత్తగా వచ్చిన కత్తిని ఫోటోలో చూసి "గుర్రపు దళానిది" అనేశాను. మర్నాడు కిష్టారెడ్డిపేటలో కత్తుల పిచ్చోళ్లందరి ముందు రాజేశ్వర్ అదే చెప్పబోతున్నాడు. తప్పయితే ఇక నాకెవరూ కత్తి చూపించరు. మనసాగక, సాయంత్రమే దుకాణం కట్టేసి షెడ్డుకు పోయాను.

కాపలా ఉండే యాదన్న తాళం తీశాడు. "జల్దీ సూస్కొని రా సేటూ... నేనైతే లోపటికి రాను."

కరెంటు లేదు. ఫోను వెలుగులో ఒరలోంచి కత్తి తీశాను. పిడి చుట్టూ చేతికి అడ్డుగా మూడు ఇనుప కమ్మీలు. "గుర్రపు దళమే!" అని పైకే అనేశాను.

సర్ర్... ర్ర్...

ఒరలోంచి ఇనుము జారే చప్పుడు. కత్తి అప్పటికే నా చేతిలో ఉంది — మరి ఆ చప్పుడెక్కడిది?

"గుర్రం కాదు..." చెవి పక్కనే గుసగుస. "ఫిరంగి."

పారిపోవాల్సింది. కానీ నా మాటనే కాదంటారా? భయం పోయి కోపమొచ్చింది. యాదన్నే ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

"ఫిరంగి దళమైతే గుర్తేదయ్యా?"

"తుప్పు కింద... సూడు."

"నువ్వా నాకు చెప్పేది!" అంటూ కత్తీ ఒరా పట్టుకుని విసురుగా బయటికొచ్చాను.

గేటు అవతల నుంచి యాదన్న రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని వస్తున్నాడు. "జెర చాయ్ తేనీకి పోయిన. లోపట ఎవరితోని లొల్లి, సేటూ?"

నా చాయ్‌లో సగం చొక్కా మీదే ఒలికింది.

ఇంటికొచ్చి కత్తికి నూనె పెట్టి రుద్దాను. తుప్పు కింద... చిన్న ఫిరంగి బొమ్మ. మూడు కమ్మీల పిడి రెండు దళాల అధికారులకూ ఉండేదని నాకు తెలుసు. గొప్పలకు పోయి మర్చిపోయాను.

మర్నాడు నేను దిద్దిన మాట ప్రకారం రాజేశ్వర్ "ఫిరంగి దళానిది" అని చెప్పగానే చప్పట్లు మోగాయి.

"తుప్పు కింద బొమ్మ ఉన్నదని ఎట్ల గుర్తుపట్టినవ్, విఘ్నేశ్వర్ అన్నా?" అని ఒకాయన అడిగాడు.

"అనుభవం" అన్నాను, మీసం సవరించుకుంటూ.

బల్ల మీద, ఎవరూ ముట్టుకోకుండానే, ఒరలో కత్తి కదిలింది...

సర్ర్.