ఆదివారం రెండు నుంచి అయిదు దాకా

ఉప్పుపిన్నికి ముప్పై తొమ్మిదేళ్లు. ఏ వంటనీ నాలుక మీద వేసి చూడదు. గిన్నె మీదకి వంగి ఒక్కసారి వాసన పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తుంది. పదహారేళ్లుగా ఆడపిల్లల హాస్టల్లో రెండువందల మందికి వండుతోంది. ఆ పేరు ఆ పిల్లలు పెట్టిందే. కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాల్లో పడి ఉంది.

అలాంటి మనిషి విమానం ఎక్కిందంటే షికారుకి కాదు. ఆమె సొంత అక్కని పరాయిదేశంలో ఉన్న మేనత్త కొడుక్కి ఇచ్చారు. ఆరేళ్ల కిందట, ఆ అక్క ఎవడితోనో వెళ్లిపోయిందని అత్త దగ్గర్నుంచి కబురొచ్చింది. అక్క ఫొటో గోడ దిగింది. అమ్మ కూతురి పేరు ఎత్తడం మానేసింది. మరుసటేడు అన్నమే మానేసి పోయింది.

మొన్నీమధ్య మళ్లీ అత్త ఫోన్ చేసింది.

"మీ అక్క ఆచూకీ తెలిసిందే. ఫోన్లో చెప్పే ముక్కలు కావు. వచ్చి ఒక నెల ఉండు. మా బతుకు ఎలా ఉందో చూసినట్టూ ఉంటుంది."

టికెట్ కూడా వాళ్లే పంపారు. ఉప్పుపిన్ని గరిటె పక్కన పెట్టి బయల్దేరింది.

చలికాలం. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయే చోటు. వీధి పొడుగునా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు. అత్త వాళ్లది చివరిది. లోపల మెత్తటి తివాచీలు, రెండేసి అద్దాల కిటికీలు, ఎక్కడా చప్పుడు లేదు. వంటగది చూసి ఉప్పుపిన్నికి మతిపోయింది. పొయ్యి అద్దంలా మెరుస్తోంది. దాని మీద నూనె చుక్క పడిన గుర్తు లేదు.

"ఇక్కడ టీ తప్ప ఏమీ పెట్టం," అంది అత్త. "పోపు వాసన కోట్లకి పట్టిందంటే పనిలో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు. వంటంతా కింద."

కింద అంటే నేలమాళిగ. దానికో వంటగది, ఒక మూల శవపేటికంత డీప్ ఫ్రీజరు.

ఆ ఇంట్లో అందరూ కలిసి తినడమన్నది లేదు. మామయ్య బస్సు నడుపుతాడు. తెల్లారకుండా తినేసి పోతాడు. అత్త చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో పనిచేస్తుంది, ఒంటిగంటకి తింటుంది. బావ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు, ఎప్పుడొస్తే అప్పుడే. ఎవరికి వాళ్లు ఫ్రీజర్లోంచి ఒక డబ్బా తీసుకోవడం, వేడిచెయ్యడం, మిషన్ కీచుమనగానే ఫోన్ చూసుకుంటూ తినెయ్యడం. నీలం మూత మామయ్యది, ఎర్ర మూత అత్తది, తెల్ల మూత బావది.

మొదటిరోజు మాత్రం ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు. ఉప్పుపిన్ని ముందు ఎర్ర మూత డబ్బా పెట్టారు. ఆమె అలవాటుగా వంగి వాసన పీల్చింది. అలాగే ఉండిపోయింది.

వెల్లుల్లి ఒక్క నిమిషం ఎక్కువ మాడింది. మాడ్చిన చెయ్యి ఎవరిదో ఆమెకి తెలుసు. ప్రపంచంలో అక్క ఒక్కత్తే అలా మాడ్చి, "అప్పుడే దానికి నోరొస్తుంది" అనేది.

"ఎవరు వండారత్తా?"

"వారానికోసారి చేసిపెడుతుందిలే ఒకావిడ. తిను, చల్లారిపోతుంది."

"మనవాళ్లేనా?"

"మనవాళ్లే."

అత్త మామయ్య వైపు చూసింది. మామయ్య డబ్బా వైపు చూశాడు. బావ ఎవరివైపూ చూడలేదు, ముద్ద కలుపుకుంటున్నాడు.

"మరి అక్క సంగతి..."

"ఆదివారం కానియ్," అంది అత్త.

మర్నాడు ముగ్గురూ పనులకి పోయాక ఉప్పుపిన్ని కిందకి దిగి ఫ్రీజరు తెరిచింది. పొగలా చలి మొహానికి కొట్టింది. వరసలు వరసలుగా డబ్బాలు. ప్రతి మూత మీదా తెల్ల టేపు, దాని మీద నీలం పెన్నుతో కూర పేరు, తారీఖు. ప్రతి పేరు కిందా గీత, గీత చివర చుక్క. బళ్లో పలక పట్టినప్పట్నుంచీ అక్క రాత అంతే.

తారీఖు మొన్న ఆదివారానిది.

ఆమె ఆ చలిలోనే కూలబడి ఏడ్చింది, సంతోషంతో. అక్క బతికే ఉంది! ఈ ఊళ్లోనే ఉంది. చాటుగా వచ్చి వీళ్లకి వండిపెట్టి పోతోంది. వెళ్లిపోయినదానివి వెళ్లిపోక మళ్లీ వీళ్ల పొయ్యి దగ్గరకే రావడమేంటే పిచ్చిమొహమా, అని తిట్టుకుంది కూడా. ఈసారి చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలనుకుంది.

శనివారం సాయంత్రం అత్త మూడు సంచుల సరుకు తెచ్చి కింది గట్టు మీద పేర్చింది. ఖాళీ డబ్బాలు, టేపు చుట్ట, పెన్ను పక్కనే పెట్టింది.

"ఆదివారం రెండు నుంచి అయిదు దాకా ఇటు ఎవ్వరం రాం. మనుషులుంటే ఆవిడకి చెయ్యి ఆడదు. మేం బయటికి పోతాం. నువ్వూ రా."

"నాకు తలనొప్పత్తా. పడుకుంటాను."

బతిమాలుతుందేమో అనుకుంది. అత్త బతిమాల్లేదు. "సరే, పడుకో," అంది, ఎదురుచూసిన మాటే విన్నట్టు.

ఆదివారం రెండు కొట్టేలోపు ముగ్గురూ కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. ఉప్పుపిన్ని ముందుగదిలో వీధితలుపుకి ఎదురుగా కూచుంది. ఇంటికి ఇంకో దారి లేదు. అక్క ఇటే రావాలి.

రెండుంపావు అయింది. రెండున్నర అయింది. ఎవరూ రాలేదు.

కింద కత్తి చప్పుడు మొదలైంది.

టక్... టక్... టక్...

తలుపు తెరుచుకోలేదు. ఆమె చూస్తూనే ఉంది. రెప్ప కూడా వెయ్యలేదు. అయినా కింద ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఉల్లిఘాటు మెట్లెక్కి పైకొస్తోంది. దాని వెనకే వెల్లుల్లి... ఒక్క నిమిషం ఎక్కువ మాడి.

నేలమాళిగ తలుపుకి తాళంచెవి బయటివైపే వేలాడుతోంది. అత్త ఏదీ మర్చిపోయే మనిషి కాదని ఆ క్షణాన తోచలేదు.

పన్నెండు మెట్లు. దిగినకొద్దీ చలి. లైటు వెయ్యలేదు. చీకట్లో గట్టు దగ్గర ఒక మనిషి వీపు. మోచేతుల దగ్గర పోగులూడిన పాత స్వెట్టరు. ఉప్పుపిన్నే అల్లి పంపింది, అక్క కాపురానికొచ్చిన కొత్తలో.

"అక్కా..."

కత్తి ఆగింది.

"తలుపు దగ్గరకి వేసి రావే. వాసన పైకి పోతుంది."

గొంతు అక్కదే. ఉప్పుపిన్ని వెనక్కెళ్లి తలుపు వేసొచ్చింది. అక్క చెప్పింది చెయ్యడం చిన్నప్పటి అలవాటు.

"పదవే పోదాం. నేనొచ్చేశాగా," అంది గుసగుసగా.

"చేతినిండా పని పెట్టుకుని ఎక్కడికే... ఆ కూర చూడు."

పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది. దాని కింద మంట లేదు. ఉప్పుపిన్ని అంచు పట్టుకుంది. వేళ్లు అతుక్కుపోయాయి. మంచుగడ్డ. కూర ఉడుకుతోంది, గిన్నె మంచుగడ్డలా ఉంది...

పరిగెత్తాల్సింది. కానీ గిన్నె ముందు నిలబడితే పదహారేళ్ల అలవాటు మనిషిని అడుగుతుందా? నడుం వంగింది. ముక్కు వాసన పీల్చింది.

"ఉప్పు తక్కువైంది," అంది నోరు.

చెయ్యి అప్పటికే ఉప్పు తీసి వేసేసింది.

"అమ్మయ్య," అంది అక్క. "ఇంక ఇద్దరం."

అని ఇటు తిరిగింది. ముఖం అక్కదే. ఆరేళ్లలో ఒక్క రోజు కూడా వయసు పెరగలేదు. రెప్పల మీద తెల్లగా మంచు... డబ్బాల మూతల మీద పేరుకున్నట్టు.

ఉప్పుపిన్ని మెట్లెక్కి తలుపు గుంజింది. రాలేదు. అవతల తాళం పడి ఉంది. గట్టిగా కొట్టింది. "అత్తా!" అని అరిచింది. తలుపవతల ఎవరో చిన్నగా దగ్గారు. బస్సు పొగ పీల్చి పీల్చి పట్టుకున్న మామయ్య దగ్గు.

పై మెట్టు మీద ముడుచుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది. అయినా వినిపిస్తూనే ఉంది.

టక్... టక్...

కాసేపటికి రెండు కత్తుల చప్పుడు.

ఆమె చెవుల మీంచి చేతులు తీసి చూసుకుంది. ఖాళీగానే ఉన్నాయి.

అయిదింటికి తాళం తిరిగింది. అత్త టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"తాగు. వణికిపోతున్నావు."

"అక్క ఎప్పుడు చచ్చిపోయింది?"

అత్త కప్పు ఆమె చేతిలో పెట్టింది. "ఆరేళ్లయింది. ఆదివారమే. గుండెల్లో పట్టేసినట్టుందంది. ఆ మూడు కూరలూ దింపెయ్, ఆసుపత్రికి పోదాం అన్నాను. దింపింది. డబ్బాలకి మూతలు కూడా పెట్టేసింది..."

బావ టేబుల్ దగ్గరే ఉన్నాడు. ఊరందరి ఎముకలూ లోపలిదాకా చూసేవాడు, పెళ్లాం గుండెనొప్పి పైనుంచైనా చూడలేకపోయాడు.

"లేచిపోయిందన్నారు. మా అమ్మ ఆ మాట పట్టుకునే పోయింది."

"చచ్చిపోయిందంటే ఎలా అని అడుగుతారే. లేచిపోయిందంటే ఎవరూ ఏమీ అడగరు."

నిజమే. ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"తర్వాతి ఆదివారం సరుకు గట్టు మీదే ఉండిపోయింది," అంది అత్త. "బయటికెళ్లి వచ్చేసరికి డబ్బాలు నిండి ఉన్నాయి. మొదట్లో భయమేసింది. తర్వాత ఆకలేసింది."

"చచ్చినదాని చేత కూడా చాకిరీ చేయించుకున్నారన్నమాట. అది చాలక నన్ను తోలుకొచ్చారు."

"మేం పిలవలేదు."

అత్త సొరుగు లాగి నాలుగు మూతలు తీసి బల్ల మీద పరిచింది. నీలం, ఎరుపు, తెలుపు, మళ్లీ ఎరుపు. నాలుగింటి మీదా నీలం పెన్నుతో ఒకే మాట. కింద గీత, గీత చివర చుక్క.

చెల్లిని రమ్మనండి.

"వారం వారం రాసింది. ఒక్కదానివల్లా కావట్లేదేమో," అంది అత్త, పనిమనిషి బాధ చెప్పినంత మామూలుగా.

ఉప్పుపిన్నికి అప్పుడు వచ్చింది ఏడుపు. అత్త అబద్ధమాడినందుకు కాదు. అత్తలనుంచి ఆమె పెద్దగా ఆశించిందేమీ లేదు. అక్క. అన్నం ముద్దల్లో పెద్దది తనకి పెట్టిన అక్క. ఆ చాకిరీలోంచి బయటపడే దారి దొరక్క, చెల్లెల్ని లోపలికి లాక్కుంది.

మిషన్ కీచుమంది. బావ కొత్త డబ్బా తెచ్చుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లకి ఉప్పు సరిగ్గా పడింది," అన్నాడు.

ఆమె సోమవారం తిరుగు విమానం ఎక్కింది. దిగిన రోజే బంధువులందరికీ ఉత్తరాలు రాసింది: మా అక్క లేచిపోలేదు, పొయ్యి దగ్గర నిలబడి చచ్చిపోయింది. అక్క ఫొటో మళ్లీ గోడెక్కించింది. వాటికి మొదటి జవాబు అత్త దగ్గర్నుంచి వచ్చింది. ఒక్క మాట కూడా లేదు, ఒక ఫొటో మాత్రమే. ఫ్రీజరు నిండా డబ్బాలు. మూతల్లో సగం మీద గీత, చుక్క ఉన్నాయి. మిగతా సగం మీద ఉన్నది హాస్టల్ సరుకుల చీటీల మీద పదహారేళ్లుగా తను రాసే రాత. తారీఖు ఆమె వచ్చేసిన తర్వాతి ఆదివారానిది.

ఉప్పుపిన్ని హాస్టల్లో పని మానేసింది. ఇంట్లో పొయ్యి తీసేసింది. ఇప్పుడు ఒక దర్జీ కొట్లో గుండీలు కుడుతోంది. ఆ కొట్టుకి సెలవు మంగళవారం. కానీ ఆదివారం మధ్యాహ్నాలు ఆమె పనికి రాదు. సోమవారం వచ్చినప్పుడు, వేళ్లు కొంకర్లు పోయి సూది పట్టుకోలేదు.