మా ఆవిడకి సగం చాలు

కత్తి దిగింది... ఆమెకి తెలిసిపోయింది!

అరవబోయింది, గొంతు పెగల్లేదు. చెయ్యి లాక్కోబోయింది, చిటికెన వేలైనా కదల్లేదు. కళ్ళ మీద పట్టీ, గొంతులో గొట్టం, పొట్టలో నిప్పులు! ‘నేను మేలుకునే ఉన్నాను... అయ్యో, ఎవరైనా చూడండి!’ అని లోపల్లోపలే మొత్తుకుంది. కోస్తున్నది పరాయివాళ్ళా అంటే కాదు, సొంత ఆడపడుచు! తలాపున కూర్చుని మత్తిచ్చింది కట్టుకున్న మొగుడు! మేడ మీద కాపురం, కింద వాళ్ళ ఆస్పత్రి. పొట్టలో రాళ్ళు తీయించుకోవడానికి ఇంకెక్కడికో పోవడమెందుకన్నారు. “నేనున్నాగా, కళ్ళు మూసుకో” అన్నాడాయన. పిచ్చిది, నమ్మి మూసుకుంది.

“ఒరేయ్, నాడి అలా ఎగురుతోందేంట్రా? మందు సరిపోయిందా?” ఆడపడుచు గొంతు.

“మా ఆవిడకి సగం చాలక్కా! కుర్చీలో కూర్చోబెడితేనే గురక పెడుతుంది. నిద్రమ్మ కదా!”

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ పేరంటే ఇంటిల్లిపాదికీ సరదా. పగలు ఎందుకు కునికిపాట్లు పడుతుందని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. నడుము పడిపోయిన అత్తగారిని రాత్రంతా అటూ ఇటూ తిప్పేదెవరు? తడిసిన దుప్పటి మార్చేదెవరు? తెల్లారి కూరగాయలు తరుగుతూ తూలితే మాత్రం అందరికీ నవ్వులాట! చివరికి ఆ నవ్వులాటనే కొలతగా పెట్టుకుని మందిచ్చాడు మహానుభావుడు. కదలకుండా ఉంచే మందు నిండుగా పడింది, నిద్రపుచ్చేదే సగమైంది.

“సార్... అమ్మగారి పట్టీ కిందనుంచి కన్నీళ్ళు...” అంది నర్సు భయంభయంగా.

నవ్వులు ఆగిపోయాయి.

“లేచినట్టుందక్కా...” అన్నాడాయన. “ఇప్పుడే పెంచుతున్నా. గుర్తుండదులే. నువ్వెక్కడా అనకు.”

ఆ మాట వింటూనే ఆమెకి స్పృహ తప్పింది.

కానీ గుర్తుంది! ప్రతి కోతా, ప్రతి మాటా గుర్తుంది! కళ్ళు తెరవగానే ఏడుస్తూ అంతా చెప్పేసింది. చక్రాల కుర్చీలో వచ్చిన అత్తగారు మూతి తిప్పింది. “బావుందమ్మా! కునుకుతూ అన్నం తినేదానివి, కత్తి కింద మేలుకున్నావా?”

“నిజం అత్తయ్యా! నిద్రమ్మకి సగం చాలని ఈయనే అన్నారు...”

“అది రోజూ అనే మాటేగా!” అంది ఆడపడుచు, ముఖం కిటికీ వైపు తిప్పుకుని. “మెలకువొస్తే కదలకుండా ఉంటావా మరదలా?”

ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది. “నువ్వు చూశావుగా తల్లీ... నా కన్నీళ్ళు చూశావుగా!”

నర్సు డాక్టరుగారి వంక చూసింది. “నాకు... గుర్తులేదమ్మా” అని మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

అందరూ వెళ్ళాక ఆయన మంచం పక్కన కూలబడి ఆమె చేతుల్లో ముఖం దాచుకున్నాడు. “తప్పైపోయింది... నన్ను క్షమించు. ఇది బయటికి పొక్కితే నాచేత మత్తు చేయించుకునేదెవరు? అక్క ఆస్పత్రి ఏమైపోవాలి?”

“నేను వీధికెక్కుతానన్నానా? అత్తయ్య ముందు ‘ఇది అబద్ధం ఆడలేదమ్మా’ అనండి చాలు. ఆ ఒక్క మాట కోసమే బతికి లేచాననుకుంటాను!”

“అంటాను. నీమీదొట్టు, అంటాను.”

అప్పుడే చక్రాల కుర్చీ చప్పుడైంది. ఏదో మర్చిపోయానని అత్తగారు వెనక్కొచ్చింది. “ఏరా, ఏడుస్తున్నావా? కొంపదీసి అదన్నది నిజమేనా ఏంటి?”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది... ఆయన కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

“అబ్బే, పీడకలమ్మా. మందుల వల్ల అలా వస్తాయి.”

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

కుట్లు మానాయి. మళ్ళీ అత్తగారి సేవ, వంటా వార్పూ మామూలే. నిద్ర మాత్రం రాలేదు. కన్ను మూస్తే చాలు, కత్తి దిగుతుంది! చూడ్డానికొచ్చిన చుట్టాలతో అత్తగారు మురిసిపోతూ చెప్పింది, “ఆపరేషన్ భలే కలిసొచ్చిందే మా కోడలికి! పగలు కునుకన్న మాటే లేదు. ఎంత చురుకొచ్చిందో!”

ఆరోజు మధ్యాహ్నం ఆయన గదిలోకొచ్చి, కూర్చుని గోడ చూస్తున్న భార్య నుదుటి మీద చెయ్యి వేశాడు. “కాసేపు పడుకోరాదూ? కళ్ళు మూసుకో, నేనున్నాగా.”

ఆ చెయ్యి తగలగానే ఒళ్ళంతా బిగుసుకుపోయింది. అయినా పడుకుని కళ్ళు మూసుకుంది. చేతులు వదిలేసి, దవడ వదులు చేసి, నిదానంగా ఊపిరి తీసింది. ఆయన వంగి కాసేపు పరీక్షగా చూశాడు. ఎంతమందిని నిద్రపుచ్చిన డాక్టరు!

“హమ్మయ్య, నిద్రమ్మ పడుకుందమ్మా!” అని తల్లికి చెబుతూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.